ప్రాథమిక శైలికయు విభజించు కణమును

మన శరీరమందలి కణములలో ఎన్నియో జాతులవి, విభజనను మాని తమ నెలవున స్థిరపడినప్పుడు, ఉపరితలమునుండి ఒకేయొక సన్నని పోగును వెలికి చాచి యుంచుకొనును. వెడల్పున మిల్లీమీటరులో నాలుగువేలవ వంతునకు అటునిటుగ, పొడవున సామాన్యముగ ఒకటి మొదలు పది మైక్రోమీటరుల వఱకు ఉండు ఈ పోగునకే ప్రాథమిక శైలిక యని పేరు. శ్వాసనాళపు గోడలపై గుంపుగూడి ధూళిని పైకి నెట్టుచుండు చలనశైలికలతో దీనికి బంధుత్వమున్నను, ఇది వానివలె కొట్టుకొనునది కాదు. తొమ్మిది జంటల సూక్ష్మనాళికలు వలయముగ నిలిచియుండగా, చలనశైలికలలో నట్టనడుమ నుండు జంట దీనిలో లోపించియుండును. కదలక నిలిచి, బయటినుండి వచ్చు రసాయనిక సందేశములను గ్రహించి కణములోనికి చేరవేయుటయే దీని ముఖ్యకృత్యము. కంటి రెటీనాలో వెలుతురును పట్టు కణముల వెలుపలి ఖండము ఈ శైలికయొక్క రూపాంతరమే. పిండదశయందు చేతివ్రేళ్ల సంఖ్యను క్రమమును నిర్ణయించు హెడ్జ్‌హాగ్ సందేశము సక్రమముగ నడచుటకును ఇది యుండవలయును. మూత్రపిండనాళికల గోడలయందలి కణములును దీనిని నాళికలోనికి చాచి యుంచును. ఇట్టి అంగము, కణము విభజనకు పూనుకొన్నంతనే కనుమరుగై, విభజన ముగిసిన పిమ్మట పుట్టిన రెండు కణములయందును మరల మొలచుచున్నది. విభజించు కణము దీనిని ఎట్లు తొలగించుకొనుచున్నది, అకాలమున మొలవకుండ ఎట్లు నిరోధించుచున్నది, ఏ సమయమున మరల అనుమతించుచున్నది అను ప్రశ్న నూఱేండ్లకు మించినది. దానికి ఇంతవఱకు లభించిన సమాధానములను ఒకచోట జేర్చి పరిశీలించుట ఈ వ్యాసమున కుద్దేశము.

ఈ ప్రశ్నను గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల చదువరుల యెదుట ఉంచుటకు కారణము గలదు. పూర్వపు మహబూబ్‌నగరు జిల్లానుండి 2016 అక్టోబరులో వేఱుపడిన ఈ మూడు జిల్లాలలో, వనపర్తి, నాగర్‌కర్నూలులయందు 2022 లోను, గద్వాలయందు 2024 లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు ఆరంభమైనవి. అక్కడ చదువు ముగించి ఆ ఊళ్లలోనే రోగులను చూడనున్న యువకులకును యువతులకును, శైలికాలోపమువలన గలుగు వ్యాధులు దూరదేశపు వింతలు గావు. మేనరికమును, మేనమామతోడి వివాహమును తరతరములుగ ఆచరించుచు వచ్చిన సమాజము మనది. శైలికావ్యాధులలో పెక్కు అంతర్గత జన్యులక్షణములు. అనగా తల్లినుండి వచ్చిన ప్రతియు, తండ్రినుండి వచ్చిన ప్రతియు రెండును దోషయుక్తములైననే వ్యాధి బయటపడును. మేనమామను పెండ్లాడిన స్త్రీకి కలిగిన బిడ్డయందు, ఏ జన్యువును దీసికొన్నను, ఒకే పూర్వికుని ప్రతి ఇరువైపులనుండియు వచ్చి కలియు అవకాశము ఎనిమిదింట ఒకటి. మేనత్త కొడుకును పెండ్లాడినచో పదునాఱింట ఒకటి. బార్డెట్–బీడ్ల్ అను శైలికావ్యాధియందు రేచీకటితో మొదలై చూపు క్షీణించుటయు, ఆఱవ వ్రేలును, స్థూలకాయమును, మూత్రపిండముల లోపమును ఒకే బిడ్డయందు కానవచ్చును. కంటికొక వైద్యుని, మూత్రపిండమునకొక వైద్యుని వేర్వేరు పట్టణములలో చూపించుకొనుచు తిరుగు కుటుంబమునకు, ఇవి యన్నియు ఒకే సూక్ష్మాంగముయొక్క లోపమునుండి పుట్టినవని వివరించి, తరువాతి కాన్పును గూర్చి ముందుగనే హెచ్చరింపగల వైద్యుడు తన జిల్లాలోనే దొరకుటకంటె గొప్ప ఉపకారము మఱియొకటి లేదు.

చరిత్ర సంగతి క్లుప్తముగ చెప్పుకొందము. 1898 లో జర్మన్ శరీరశాస్త్రజ్ఞుడు జిమ్మర్మన్ మూత్రపిండనాళికలు మొదలగు చోట్ల కణమునకొక్కటి చొప్పున ఈ పోగును గుర్తించి, ఇది స్పర్శాదులను గ్రహించుటకు ఉపకరించునేమో యని ఊహించెను. ఆ సంవత్సరముననే ఫ్రాన్సున హెన్నెగీయు, హంగరీ దేశీయుడగు లెన్‌హొస్సెకును, ఒకరితో నొకరికి సంబంధము లేకయే, శైలిక మొదట నుండు ఆధారకణికయు, విభజనవేళ క్రోమోజోములను పంచు కండె కొనలయం దుండు సెంట్రియోలును ఒకే వస్తువని ప్రతిపాదించిరి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చిన పిదప సొరోకిన్ 1962 లో, సెంట్రియోలు కొనకు ఒక చిన్న పొరసంచి వచ్చి అతుకుకొనుటయు, దానిలోనికి శైలిక పెరుగుటయు చూపి, 1968 లో దీనికి ప్రాథమిక శైలిక యను నామమును స్థిరపఱచెను. అటుపిమ్మట చాలకాలము దీనిని పరిణామక్రమమున మిగిలిపోయిన నిరుపయోగ శేషముగ భావించి పండితులు ఉపేక్షించిరి. ఆ ఉపేక్షను తొలగించినవి రెండు: మూత్రపిండములు తిత్తులతో నిండు చిట్టెలుకలలో చెడిన జన్యువు శైలికానిర్మాణమునకు వలయునదేయని పజూర్ మొదలగువారు 2000 లో చూపుట, హెడ్జ్‌హాగ్ సందేశమునకు శైలికానిర్మాణ ప్రోటీనులు ఆవశ్యకములని కాథరిన్ ఆండర్సన్ బృందము 2003 లో నిరూపించుట.

ఇక ప్రశ్నయొక్క మూలమునకు వత్తము. విభజించని కణమునందు సెంట్రియోళ్లు రెండే. వానిలో పెద్దది తల్లి, చిన్నది పిల్ల. తల్లి సెంట్రియోలు కొనయందు మాత్రమే దానిని కణపుపొరకు కట్టివేయు ఉపాంగములు గలవు గనుక, శైలిక తల్లిమీదనే మొలచును. కణము విభజింపదలచినప్పుడు ఈ రెండును ద్విగుణితమై నాలుగై, జంటజంటగ విడిపోయి, క్రోమోజోములను పంచు కండెకు ఇరుకొనలను ఆక్రమించును. పాలమూరు రైతునకు ఉన్న ఒకే జత యెడ్లు మోటకు కట్టియున్నంతసేపు నాగలికి దొరకనట్లు, శైలికకు కట్టుబడిన సెంట్రియోలు విభజనకు దొరకదు. కావున కణము ముందుగ శైలికను విప్పివేయును. మొట్టమొదటి సమాధానము ఇదియే, దాని సరళతయే దాని బలము. టక్కర్, పార్డీ, ఫ్యుజివారా 1979 లో చిట్టెలుక 3టీ3 కణములను సీరము తగ్గించి పస్తుంచినప్పుడు శైలికలు మొలచుటయు, సీరము మరల నిచ్చినప్పుడు ఒకటి రెండు గంటలలో అవి మొదట తగ్గి, మరల తలయెత్తి, కడకు డి.ఎన్.ఏ. సంశ్లేషణ వేళ అంతరించుటయు గమనించిరి. తర్వాతి పరిశోధకులు ఇతర కణములయందును ఇట్టి రెండుదశల లోపమునే చూచిరి గాని, రెండవ దశ కొన్నింట విభజనకు దాపుననే సంభవించెను.

అయినను ఎడ్ల ఉపమానము ఒకమేరకే నిలుచును. పండ్లఈగయొక్క శుక్రమాతృకణములు తమ శైలికలను విడువకయే క్షయకరణ విభజనను ముగించునని 2012 లో తెలిసినది. మఱుసటి యేట పారిడేన్, హుట్నర్ మొదలగువారు చిట్టెలుక పిండపు మెదడులోని మూలకణములయందు, విభజనకాలమునను శైలికాపొరయొక్క శేషము తల్లి సెంట్రియోలును అంటిపెట్టుకొని యుండి, ఆ సెంట్రియోలుతో బాటు ఒక సంతానకణమునకు సంక్రమించునని చూపిరి. రెండు పనులకు ఒకే వస్తువు చాలదన్న సంగతి మాత్రమే శైలికాలోపమునకు కారణమైనచో, ఈ కణములయందు ఆ వస్తువు రెండు పనులను ఏకకాలమున ఎట్లు నెరవేర్చగలిగెను? కావున శైలిక తొలగుట కేవలము స్థలాభావము వలన గలుగు పరిణామము గాదనియు, కణము పూని చేయు కార్యమనియు భావింపక తప్పదు. గత రెండు దశాబ్దముల పరిశోధన ఈ భావమునకే బలము నిచ్చినది.

మొదట నిరోధమును గూర్చి. విభజించుచున్న కణమున సెంట్రియోలు కొనపై సీపీ110, సెప్97 అను రెండు ప్రోటీనులు మూతగ కూర్చుండును. న్యూయార్కున డిన్‌లాక్ట్ బృందము 2007 లో వీనిని తొలగించినప్పుడు, విభజించుచున్న కణములయందే శైలికలవంటి నిర్మాణములు అకాలమున మొలచినవి. ఈ మూతను తీయించునది టీటీబీకే2 అను కైనేజని 2012 లో ఆండర్సన్ బృందము చూపినది. ఆ కైనేజు లేని చిట్టెలుక పిండములలో సెంట్రియోళ్లు పొరదగ్గఱకు చేరియు, మూత తొలగక, శైలిక లేకయే నిలిచిపోయెను. ఇంతవఱకు కథ చక్కగ సాగినది. కాని 2016 లో ఆనంద్ స్వరూప్ ప్రయోగశాలయందు సీపీ110 జన్యువునే తొలగించిన చిట్టెలుకలను పరిశీలింపగా, శైలికలు విరివిగ మొలచుటకు మాఱుగ మొలవకుండెను. తల్లి సెంట్రియోలు పరిపక్వమగుటకు ఆ ప్రోటీనే ఆవశ్యకమని తేలెను. పెంపకపాత్రలోని కణమున నిరోధకముగ గనిపించినది, జీవించియున్న దేహమున నిర్మాణమునకు సహాయకముగ గూడ నున్నది. ఒకే ప్రయోగమును బట్టి ఒక ప్రోటీనునకు ఒకే వృత్తిని అంటగట్టుట ఈ శాస్త్రశాఖలో తఱచు జరుగుచున్న దోషమని నా అభిప్రాయము.

మూతతోనే నిరోధము ముగియదు. ట్రైకోప్లీన్ అను ప్రోటీను ఆరోరా-ఏ కైనేజును ఉత్తేజితముగ నుంచి, పెరుగుచున్న కణములయందు శైలిక తలయెత్తకుండ జూచునని జపానున ఇనోకో, ఇనగాకి మొదలగువారు 2012 లో తెలిపిరి. అంతకు ఒక సంవత్సరము ముందే త్సియోకాస్ బృందము ఎన్‌డీఈ1 అను ప్రోటీనును తగ్గించినచో శైలికలు దీర్ఘమగుటయేగాక, కణము విభజనచక్రమున తిరిగి ప్రవేశించుటయే ఆలస్యమగుననియు, శైలికానిర్మాణమును వేఱొక మార్గమున నడ్డగించినచో ఆ ఆలస్యము తొలగుననియు చూపినది. ఈ ఫలితమునకు సమీక్షకుడు ఎంత ప్రాధాన్యము నిచ్చినను తగును. శైలిక విభజనకు లోబడునది మాత్రమే కాదు. తాను నిలిచియున్నంతకాలము విభజనను వెనుకకు లాగునది కూడ. అధికారము ఉభయముఖము. ఎన్‌డీఈ1 జన్యువు రెండు ప్రతులును చెడిన శిశువులు అత్యల్పమైన మెదడుతో పుట్టుచున్నారన్నది ఈ ఫలితమునకు మనుష్యలోకమున గల విషాదకరమైన అనుబంధము. ఆ లోపమునకు ఆ ప్రోటీను కండెయం దొనర్చు పనియు కారణము గావచ్చునని మఱవరాదు.

తొలగింపును గూర్చి 2007 లో ఫిలడెల్ఫియానుండి గోలెమిస్ బృందము వెలువరించిన పరిశోధన మూలస్తంభమైనది. సీరము తగిలినంతనే హెఫ్1 అను ప్రోటీను ఆరోరా-ఏను మేల్కొలుపును. ఆరోరా-ఏ, హెచ్‌డీఏసీ6 అను ఎంజైమును. ఆ ఎంజైము శైలికలోని సూక్ష్మనాళికలనుండి ఎసిటైలు గుంపులను తొలగించి వానిని అస్థిరపఱచును. విభజనకు ఉత్సాహపఱచు కైనేజే శైలికకు అంతకమగుట గమనింపదగినది. గోపాలకృష్ణన్ బృందము 2016 లో, ఈ ప్రోటీనులను శైలికామూలమున జేర్చు ఆధారము సీపాప్ అను సెంట్రియోలు ప్రోటీనని చూపెను. సీపాప్ చెడుటవలన సెకెల్ అను వ్యాధి గలిగిన రోగి కణములయందు శైలికలు పొడవై, సకాలమున విప్పుకొనక, నాడీ మూలకణములు విభజనను మాని ముందుగనే నాడీకణములుగ మాఱుచున్నవి, మెదడు చిన్నదగుచున్నది. అయితే శైలిక లోనికి ముడుచుకొనిపోవునా, లేక తెగి రాలిపోవునా? ముడుచుకొనుననియే చాలకాలము నమ్మిరి. మిర్విస్, స్టెర్న్స్ మొదలగువారు 2019 లో చిట్టెలుక మూత్రపిండకణములను సజీవముగ చిత్రీకరించి, అధికాంశమున శైలిక మొత్తముగ తెగి బయటికి రాలుచున్నదని చూపిరి. కణజాతినిబట్టి ఈ రెండు రీతులును ఉండునని ఒప్పుకొనుటయే యుక్తము.

విభజన ముగిసిన పిమ్మట కూడ కథ సమముగ నడువదు. పాతదైన తల్లి సెంట్రియోలును పొందిన కణము తోడికణముకంటె ముందుగ శైలికను మొలపించి, హెడ్జ్‌హాగ్ సందేశమునకు ముందుగ స్పందించునని వేఱొక ఆండర్సన్, స్టెర్న్స్ అనువారు 2009 లో చూపిరి. ఒకే తల్లికి ఒకే క్షణమున పుట్టిన రెండు కణములు భిన్నమైన భవితవ్యమునకు నడచుటకు ఇట్టి అల్పమైన కాలభేదము బీజము గావచ్చును.

ఇప్పుడు మన గడ్డమీది పనికి వత్తము. ఈ సమీక్షలో నేను అన్నిటికంటె నెక్కువ ఆదరముతో చదివినది ఇదియే. హైదరాబాదు హబ్సిగూడలోని సీసీఎంబీ, పుష్పమిత్ర భార్గవ నాయకత్వమున 1977 లో ఆరంభమైన కణ, అణుజీవశాస్త్ర కేంద్రము, పై మూడు పట్టణములకును ఒక పూట ప్రయాణదూరమున నున్నది. అక్కడ వేగేశ్న రాధగారు సీ3జీ అను ప్రోటీనును గూర్చి ఎన్నో యేండ్లు పరిశోధన సాగించిరి. 1990 దశకమున జపానున గుర్తింపబడిన ఈ ప్రోటీను, రాప్1 అను చిన్న ప్రోటీనును ఉత్తేజిత స్థితికి మార్చునదిగ ప్రసిద్ధము. ఇది బొత్తిగ లేని చిట్టెలుక పిండములు తొలిదినములలోనే నశించును. రాధగారును సహరచయిత నాయక్‌గారును 2020 లో జర్నల్ ఆఫ్ సెల్ సైన్స్ అను పత్రికయందు, ఇదే సీ3జీ తల్లి సెంట్రియోలుపై సెనెక్సిన్ అను ప్రోటీనుతో కలిసి నివసించుననియు, ఆ స్థానమున నిలుచుటకు ఆ రెండును పరస్పరము ఆధారపడుననియు ప్రకటించిరి. సెనెక్సిన్ సామాన్యమైనది కాదు. అది లేనిచో తల్లి సెంట్రియోలునకు ఉపాంగములే యుండవనియు, శైలికయే మొలవదనియు జపాను పరిశోధకులు 2005 లోనే చూపియుండిరి.

వారి ఫలితములు రెండు దారుల సాగినవి. సీ3జీ జన్యువును తొలగించినప్పుడు కణమున సెంట్రియోళ్లు అవసరమునకు మించి పెరిగెను. దానిని అధికముగ ఉత్పత్తి చేయించినప్పుడు సెంట్రియోళ్ల ద్విగుణీకరణమే మందగించెను. మఱియొక దిక్కున, జన్యువును తొలగించిన కణములలో శైలికలు సామాన్యముకంటె దీర్ఘమయ్యెను. సీ3జీని గాని, దాని ఉత్ప్రేరకఖండమును మాత్రమే గాని మరల నిచ్చినచో ఆ దీర్ఘత తొలగెను. సీరము తగ్గించి పస్తుంచినప్పుడు ఈ ప్రోటీను శైలికామూలమునుండి తగ్గిపోవుచు, కణము విభజనచక్రమునకు మరలినప్పుడు తిరిగి చేరుచుండెను. కండరకణములు పరిపక్వమై విభజనను శాశ్వతముగ మానినప్పుడు సెంట్రియోలుపై దీని జాడయే లేకుండ పోయెను.

ఈ ఫలితములలోని విశేషము పైచూపునకు అందదు. సెంట్రియోళ్ల ద్విగుణీకరణమునకును శైలికకును నడుమ నున్నది కేవలము పోటీయే యైనచో, ఒకదానిని నిరోధించు ప్రోటీను రెండవదానికి తోడ్పడవలసి యుండెను. సీ3జీ అట్లు చేయుట లేదు. అది రెండింటిని ఒకేసారి అదుపులో నుంచుచున్నది. కాబట్టి తల్లి సెంట్రియోలుపై నిలిచి, ఎన్ని ప్రతులు పుట్టవలయును, ఎంత పొడవు శైలిక పెరుగవలయును అను రెండు లెక్కలను కలిపి చూచు ఏర్పాటొకటి కణమున గలదని ఊహించుట న్యాయము. శైలికను విభజనకు ప్రతిపక్షముగ గాక, ఒకే సెంట్రియోలుయొక్క రెండు బాధ్యతలలో నొకటిగ చూడవలెనని నేను పై పుటలయందు సూచించుచు వచ్చిన భావమునకు, ఈ హైదరాబాదు పరిశోధనకంటె సన్నిహితమైన ఆధారము నాకు కనబడలేదు.

ఇట్లు చూచినప్పుడే వ్యాధులయందలి వైరుధ్యములు కొంత అర్థమగును. శైలిక విభజనను నిరోధించును గనుక, శైలిక పోయినచో కణములు విచ్చలవిడిగ పెరిగి మూత్రపిండమున తిత్తులు పుట్టునని కొంతకాలము సులభముగ చెప్పుకొనిరి. మధ్యవయస్సున మూత్రపిండముల నిండ తిత్తులేర్పడి, తుదకు డయాలిసిస్‌కు దారితీయు వ్యాధి యొకటి గలదు. అది బహిర్గత లక్షణము గనుక మేనరికముతో పనిలేకయే తల్లిదండ్రులలో ఒకరినుండి వచ్చును. సోమ్లో బృందము 2013 లో ఆ వ్యాధికి కారణమగు జన్యువులు చెడిన చిట్టెలుకలలో శైలికలను గూడ తొలగించి చూడగా, తిత్తులు పెరుగుటకు మాఱుగ వాని పెరుగుదల తగ్గెను. శైలిక నిలిచియుండి తప్పుసందేశము నిచ్చుటయే, శైలిక లేకుండుటకంటె హానికరమని దీనివలన తేలినది. అట్లే 2009 లో అల్వారెజ్-బుయ్యా, రైటర్ బృందముల పరిశోధనలయందు, మెదడులోని మెడుల్లోబ్లాస్టోమా, చర్మమందలి బేసల్ కణార్బుదము, ఈ రెండింట శైలికను తీసివేయుట, కణితికి మూలమైన దోషము ఏదన్నదానినిబట్టి, ఒకచో కణితిని ఆపెను, మఱియొకచో పెంచెను. శైలిక మంచిదా చెడ్డదా యని అడుగుట కంటె, అది ఏ సందేశమును ఏ వేళ మోయుచున్నదని యడుగుట మేలు.

ఇంత పరిశోధనకును ఒక మేర గలదు. ఇందులో అధికభాగము గాజు లేక ప్లాస్టిక్ పాత్రలలో పెంచిన కొలదిజాతుల కణములయందు, సీరమును తగ్గించియు హెచ్చించియు సాధించినది. మన మూత్రపిండముననో, మెదడుననో ఎవరును సీరమును తీసివేయుట లేదు. అక్కడి కణము ఇరుగుపొరుగు కణముల ఒత్తిడినిబట్టియు, రక్తముతో వచ్చు పోషకములనుబట్టియు తన నిర్ణయమును తాను చేసికొనుచున్నది. ఫోర్డు, మిల్ మొదలగువారు 2018 లో కణచక్రపు దశను, శైలికను ఒకేసారి భిన్నవర్ణకాంతులతో చూపు చిట్టెలుకలను సృష్టించి, డి.ఎన్.ఏ. సంశ్లేషణ ఆరంభమైన పిదపను శైలిక కొంతకాలము నిలిచియుండుట పాత్రలోనే గాక దేహమునందును సామాన్యమేనని చూపిరి. ఇట్టి జంతువులయందు సీ3జీని మూత్రపిండనాళికలనుండి మాత్రమే తొలగించి, శైలికల పొడవును, సెంట్రియోళ్ల సంఖ్యను, నాళికల వెడల్పును కలిపి కొలుచుట హైదరాబాదు పరిశోధనకు సహజమైన తరువాయి. పాత్రలో కనిపించిన ఆ జంటనిరోధము కణజాలమునను నిలుచునా, నిలిచినచో దాని లోపము తిత్తిగ పరిణమించునా అన్నది ఆ కొలతలవలననే తేలవలెను.